గూడబాతుల ఫొటో సరే, అడవి బాతుల లెక్క ఏది?

ఎడిటర్ గారికి నమస్కారం.

చలికాలం వచ్చిందంటే మన పేపర్ల జిల్లా పేజీల్లో ఒక ఫొటో కచ్చితంగా పడుతుంది. చెట్టు నిండా పెద్ద పెద్ద తెల్లటి పక్షులు, కింద "సైబీరియా నుంచి తరలివచ్చిన విదేశీ అతిథులు" అని ఒక లైన్. ఉప్పలపాడు అయినా, తేలినీలాపురం అయినా, వీరాపురం అయినా అదే మాట. ఫొటోలు వేస్తున్నందుకు సంతోషమే, అవి చూసే చాలామంది పిల్లలకు పక్షుల మీద ఇష్టం పుడుతుంది. కానీ ఆ ఫొటోల్లో ఉండేవి ఎక్కువగా గూడబాతులు, అంటే పెలికాన్లు, తర్వాత పెయింటెడ్ స్టార్క్‌లు, నత్తగుల్ల కొంగలు. ఇవి సైబీరియా నుంచి రావండీ. మన దేశపు పక్షులే, మన చింతచెట్ల మీద, తుమ్మచెట్ల మీద గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచుకుని, సీజన్ అయిపోయాక పక్క జిల్లాలకో పక్క రాష్ట్రాలకో పోతాయి. నిజంగా మంగోలియా, టిబెట్, సైబీరియా వైపు నుంచి హిమాలయాలు దాటి వచ్చే బాతులు ఇక్కడ గూడు కట్టవు, చెరువు మధ్యలో నీళ్ల మీదో అవతలి ఒడ్డు మీదో ఉంటాయి, మనిషి కనపడితే ఇంకా దూరం జరుగుతాయి. దూరంగా ఉంటాయి కాబట్టి ఫొటో పడదు, ఫొటో పడదు కాబట్టి అవి వచ్చాయో రాలేదో, తగ్గాయో పెరిగాయో ఎవరూ అడగరు.

ఈ రెండు రకాలనీ కలిపి "ఈ ఏడాది ఇన్ని వేల పక్షులు వచ్చాయి" అని ఒకటే నంబర్ వేస్తే అసలు సంగతి కనపడకుండా పోతుంది. ఎందుకంటే ఈ రెండింటి కథ రెండు వేర్వేరు దారుల్లో పోతోంది.

గూడబాతుల విషయం చూడండి. 1940ల్లో కొల్లేరు పరిసరాల్లో, ఆరేడు అనే ఊరి దగ్గర గూడబాతుల పెద్ద కాలనీ ఉన్నట్టు పక్షుల మీద పనిచేసినవాళ్లు రాసిపెట్టారు. 1970లు వచ్చేసరికి ఆ కాలనీ ఖాళీ అయిపోయింది. తర్వాత మెల్లగా, కొల్లేరులోనే ఆటపాకలో మళ్లీ గూళ్లు కట్టాయి, నేలపట్టులో అటవీశాఖ కాపలా పెట్టింది, ఉప్పలపాడులో చిన్న చెరువు మధ్య చెట్లు చాలక ఇనుప స్టాండ్లు కూడా పెట్టారు, తేలినీలాపురం వాళ్లు, వీరాపురం వాళ్లు అయితే ఈ పక్షులు రాకపోతే ఊరికి మంచిది కాదని నమ్మి తరతరాలుగా కాపాడుకుంటూ వస్తున్నారు. ఒకప్పుడు అంతరించే ప్రమాదం ఉన్న జాబితాలో ఉన్న పక్షి ఇప్పుడు ఒక మెట్టు బయటికి వచ్చింది. ఇది మన తెలుగు ఊళ్లు గర్వంగా చెప్పుకోవాల్సిన విషయం, నేను కాదనట్లేదు. కష్టాలు దానికీ ఉన్నాయి, తేలినీలాపురంలో 2021-22 చలికాలంలో కడుపులో పురుగులు పడి వందకు పైగా గూడబాతులు చనిపోయాయి. అయినా వాటిని చూసేవాళ్లు ఉన్నారు కాబట్టి ఆ చావు వార్త అయింది, డాక్టర్లు వచ్చారు, శాంపిల్స్ తీశారు. చూసే కళ్లు ఉంటే ఎంత తేడానో ఇదే ఉదాహరణ.

బాతుల దగ్గరికి వస్తే ఆ కళ్లు లేవు. 2023లో వచ్చిన స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ రిపోర్టులో, దేశంలో బాగా తగ్గిపోతున్నందుకు వాటి ప్రమాద స్థాయిని మళ్లీ లెక్కగట్టాలని చెప్పిన పక్షుల్లో పాలపిట్టతో పాటు కామన్ టీల్, షవలర్ లాంటి వలస బాతులు కూడా ఉన్నాయి. పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి కాబట్టి దాని గురించి అన్ని పేపర్లూ రాశాయి, మంచిదే. టీల్, షవలర్ గురించి తెలుగులో ఒక్క ముక్క నా కళ్లబడలేదు. కామన్ పోచార్డ్ అనే ఎర్రతల బాతును 2015 నుంచే ప్రపంచవ్యాప్తంగా ప్రమాదంలో ఉన్న జాబితాలో పెట్టారు. అదీ మన చెరువులకు వచ్చే బాతే.

నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది తల మీద రెండు నల్లటి పట్టీలు ఉండే పెద్ద బాతు గురించి, బార్ హెడెడ్ గూస్ అంటారు. మా మెదక్, కామారెడ్డి వైపు పోచారం చెరువు దీనికి పేరున్న చోటు, టూరిజం వాళ్ల బోర్డుల మీద కూడా దీని పేరే ముందు ఉంటుంది. ఒళ్లంతా బూడిద రంగు, తల తెలుపు, ముక్కు కాళ్లు నారింజ పసుపు. ఒక్కోటి రెండు మూడు కిలోలు తూగుతుంది. పగలంతా నీళ్ల అంచున గుంపుగా కూర్చుంటాయి, ముక్కు రెక్కల్లో దూర్చి నిద్రపోతాయి, కానీ గుంపులో ఎప్పుడూ ఒకటో రెండో మెడ నిటారుగా పెట్టుకుని కాపలా కాస్తూనే ఉంటాయి, అవి ఒక్కసారి ముక్కుతో "ఆంగ్" అన్నాయంటే మొత్తం గుంపు మెడలు లేస్తాయి. పొద్దు గూకాక లేచి పొలాల మీదకు పోతాయి, కోసిన వరి మళ్లలో రాలిన గింజలు, లేత గడ్డి, శనగ మొలకలు తింటాయి, తెల్లారేసరికి మళ్లీ చెరువుకు వస్తాయి. అవి కూర్చున్న శిఖం భూమి, అంటే నీళ్లు తగ్గాక బయటపడే చెరువు నేల మీద పొద్దున్నే నడిస్తే వేలెడంత పొడుగు పచ్చటి రెట్టలు కనపడతాయి, చిదిపి చూస్తే అంతా గడ్డి పీచే, వాసన కూడా పెద్దగా ఉండదు.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. ఆ ఏడాది పుట్టిన పిల్లలకు తల మీద నల్ల పట్టీలు సరిగ్గా ఉండవు, నడినెత్తి నుంచి మెడ వెనక వరకు మసక గోధుమ రంగు ఉంటుంది. అంటే మన చెరువు కట్ట మీద బైనాక్యులర్ పెట్టుకుని నిలబడి, గుంపులో పట్టీలు లేని తలలు ఎన్ని ఉన్నాయో చూస్తే చాలు, పోయిన ఎండాకాలం మంగోలియాలోనో టిబెట్లోనో వాటికి పిల్లలు బాగా దక్కాయో లేదో మెదక్‌లో నిలబడి చెప్పొచ్చు. వేల కిలోమీటర్ల అవతల సంగతి చెప్పే లెక్క ఇది, దీనికి లక్షల రూపాయల పరికరాలు అక్కర్లేదు, ఓపిక ఉన్న నలుగురు మనుషులు చాలు.

ఇవి వచ్చే దారి గురించి సైంటిస్టులు 2009 ప్రాంతంలో శాటిలైట్ ట్యాగులు కట్టి తెలుసుకున్నారు. మన చిలికా సరస్సులో, తమిళనాడు కూంతన్‌కులంలో పట్టుకున్న బాతులకు, అటు మంగోలియాలో పట్టుకున్న వాటికి కట్టారు. హిమాలయాల ఎత్తును ఏడెనిమిది గంటల్లో ఎక్కేస్తున్నాయని, అదీ వెనక నుంచి గాలి సాయం కోసం ఎదురుచూడకుండా రెక్కలాడించుకుంటూనే ఎక్కుతున్నాయని తేలింది, ఒక బాతు 7,290 మీటర్ల ఎత్తులో ఎగిరినట్టు నమోదైంది. ఎక్కువగా రాత్రిపూట, తెల్లవారుజామున ఎగురుతాయి, అప్పుడు గాలి చల్లగా చిక్కగా ఉంటుంది కాబట్టి రెక్కలకు పట్టు దొరుకుతుంది. మంగోలియాలో మెడకు రంగు పట్టీ, దాని మీద నంబర్ వేసి వదిలిన బాతులు కర్ణాటక చెరువుల్లో కనపడ్డాయి. గదగ్ దగ్గర మాగడి కెరె అని ఒక మామూలు ఊరి చెరువు, దానికి ఏటా వేల బాతులు వస్తాయి, 2024 జనవరిలో దానికి రామ్‌సర్ గుర్తింపు, అంటే ప్రపంచ స్థాయిలో ముఖ్యమైన చిత్తడి నేల అనే గుర్తింపు కూడా వచ్చింది. రిజర్వాయర్ కాదు, పెద్ద సరస్సు కాదు, ఊరి చెరువు. మన చెరువులు దానికంటే ఏం తక్కువ?

అయితే ఈ బాతు ప్రపంచం మొత్తం మీద తగ్గిపోతోందని నేను చెప్పట్లేదు. అలా రాస్తే అబద్ధం అవుతుంది. ఇవి చోటు మార్చుకుంటున్నాయి, నాకు భయం అక్కడే. టిబెట్ దక్షిణ లోయల్లో చలికాలపు గోధుమ సాగు పెరిగాక చాలా బాతులు హిమాలయాలు దాటకుండా అక్కడే ఆగిపోతున్నాయి, అక్కడ వాటి సంఖ్య బాగా పెరిగింది. ఇటు హిమాచల్‌లో బియాస్ నది మీద పాంగ్ డ్యామ్ 1974లో పూర్తయింది, అంతకుముందు అక్కడ చెరువే లేదు, ఇప్పుడు ప్రపంచంలో ఈ బాతులు ఎక్కువగా చేరే చోట్లలో అదొకటి. 2020 జనవరిలో అక్కడ దాదాపు 50 వేలు లెక్కపెట్టారు. ప్రపంచం మొత్తంలో ఇవి లక్షకు అటూ ఇటూగా ఉంటాయని అంచనా, అందులో అంత పెద్ద వాటా ఒక్క రిజర్వాయర్ మీద ఉందంటే చూడండి.

ఒక్క చోట ఇన్ని చేరితే ఏమవుతుందో మరుసటి చలికాలమే చూశాం. 2020 డిసెంబర్ చివర్లో పాంగ్‌లో బాతులు చావడం మొదలైంది, బర్డ్ ఫ్లూ అని తేలింది, కొన్ని వారాల్లోనే దాదాపు 5 వేల పక్షులు పోయాయి, వాటిలో చాలా ఎక్కువ భాగం ఈ పట్టీల తల బాతులే. అంతకుముందు 2005లో చైనాలో చింగ్‌హై సరస్సు దగ్గర, ఇవి గుడ్లు పెట్టే చోటే, ఇదే జబ్బుతో 6 వేలకు పైగా పక్షులు చచ్చిపోయాయి, అందులోనూ ఎక్కువ దెబ్బ వీటికే, ప్రపంచంలో ఉన్న వాటిలో నూటికి ఐదు నుంచి పది వరకు ఆ ఒక్క ఏడాదే పోయి ఉంటాయని అప్పట్లో అంచనా వేశారు. రాజస్థాన్ సాంభర్ సరస్సులో 2019 నవంబర్లో బాట్యులిజం అనే విషజబ్బు వచ్చి 18 వేలకు పైగా వలస పక్షులు పోయిన సంగతి టీవీల్లో చూసే ఉంటారు. జబ్బులకు కారణాలు చాలా ఉంటాయి కానీ దేశమంతా వందల చెరువుల్లో చెదిరి ఉండాల్సిన పక్షులు నాలుగైదు పెద్ద నీళ్ల మీదకు చేరితే ఒక్క జబ్బుకే వేలకు వేలు దొరికిపోతాయి. అందుకే పోచారం, మంజీర, వాటి చుట్టుపక్కల చిన్న చెరువులు కూడా బతికి ఉండాలి. మా చెరువుకు రెండు వందలు వస్తే అవి పాంగ్ యాభై వేల ముందు లెక్కలోకి రావు అనుకోవద్దు, ఆ రెండు వందలు వేరే చోట వేరేగా ఉండటమే వాటి జాతికి రక్ష.

ఇంకో మాట. ఈ పెద్ద బాతులకు దారి పుట్టుకతో రాదు. తల్లి, తండ్రి, పిల్లలు కలిసే మొదటి చలికాలం ప్రయాణం చేస్తాయి, ఏ లోయ మీదుగా పోవాలి, ఏ చెరువులో దిగాలి అనేది పిల్లలు పెద్దవాటిని చూసి నేర్చుకుంటాయి. కాబట్టి ఒక చెరువు వరసగా కొన్నేళ్లు పనికిరాకుండా పోయి పెద్ద బాతులు అక్కడికి రావడం మానేస్తే, ఆ దారి తెలిసినవి చచ్చిపోయాక, తర్వాత మనం చెరువు ఎంత బాగుచేసినా దిగడానికి ఎవరూ ఉండరు. సైబీరియన్ కొంగలకు అదే అయింది, అవి కూడా పిల్లలకు దారి చూపించే పక్షులే, భరత్‌పూర్‌కు వచ్చే గుంపు ఏటేటా చిన్నదవుతూ వచ్చి, చివరికి ఒక జంట మిగిలి, 2002 తర్వాత అదీ రాలేదు. అక్కడ ఇప్పటికీ నీళ్లున్నాయి, నేషనల్ పార్క్ ఉంది, కొంగలే లేవు. 2015-16 కరువులో సింగూరు ఎండిపోయి మంజీరలో కూడా నీళ్లు లేనప్పుడు నాకు ఇదే దిగులు పట్టుకుంది. కరువు మన చేతిలో లేదు, కానీ నీళ్లున్న ఏడాది కూడా చెరువును బాతుకు పనికిరాకుండా చేస్తే అది పూర్తిగా మన పనే.

ఎట్లా చేస్తున్నామంటే, చెరువు అంటే మన ఇంజినీర్లకి ఎన్ని టీఎంసీలు, ఎంత లోతు అనేదే లెక్క. బాతుకు కావాల్సింది లోతు కాదు, అంచు. నీళ్ల మీద తేలుతూ తోక పైకెత్తి తల ముంచి మేసే బాతులు, సూదితోక బాతు గానీ టీల్ గానీ షవలర్ గానీ, మోకాలు లోతు నీళ్లలోనే మేయగలవు, అంతకంటే లోతైతే మెడ అడుక్కి అందదు. పెద్ద బాతుకు నీళ్లు తగ్గాక బయటపడే శిఖం గడ్డి కావాలి, చుట్టూ దూరం వరకు చూపు ఆనాలి. పాత చెరువులకు ఇదంతా తనంతట తానే ఉండేది, ఒకవైపు కట్ట, తూము, మత్తడి, మిగతా మూడువైపులా మెల్లగా పల్చబడే నీళ్లు. మిషన్ కాకతీయలో 46 వేలకు పైగా చెరువులు బాగుచేయాలని పెట్టుకున్నారు, పూడిక తీశారు, పొలాలకు మట్టి పోయింది, బోర్లు పుంజుకున్నాయి, రైతు బిడ్డగా నేను దాన్ని తక్కువ చేయను. కానీ దాని వెనకాలే బ్యూటిఫికేషన్ అని ఒకటి వచ్చింది. మాకు దగ్గర్లో ఒక చెరువు చుట్టూ నిట్టనిలువుగా రాతి కట్టడం కట్టి, మీద వాకింగ్ ట్రాక్ వేసి, రాత్రి పన్నెండు దాకా రంగు లైట్లు పెట్టారు. నీళ్లు నిండుగానే ఉన్నాయి, కానీ గిన్నెలో పోసినట్టు ఎక్కడ చూసినా ఒకటే లోతు, అడుగుపెట్టే చోటు లేదు, గడ్డి పరక లేదు. మునిగి చేపలు పట్టే నీటికాకులు దిగుతున్నాయి, బాతులు మాత్రం పైన ఒక రౌండ్ కొట్టి పోతున్నాయి. చేపల కోసం కొంగల్ని, నీటికాకుల్ని బెదరగొట్టడానికి టపాసులు కాల్చడం ఇంకోటి, చేప తినని బాతులు కూడా ఆ చప్పుడుకే లేచిపోతాయి. చేపల సొసైటీ వాళ్ల బాధ నాకు తెలుసు, వాళ్ల పొట్ట కొట్టమనట్లేదు, డిసెంబర్ నుంచి ఫిబ్రవరి వరకు చెరువులో ఒక మూల వదిలేస్తే చాలు, మిగతా చోట వాళ్ల పని వాళ్లు చేసుకోవచ్చు. ఇక కొల్లేరు చుట్టుపక్కల చలికాలంలో పరజ మాంసం అని అడవి బాతుల్ని పట్టి అమ్మడం ఉంది, అది 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం, దానికి నేను కొత్తగా చెప్పేదేం లేదు, పట్టుకోవాలి అంతే.

ఇప్పుడు మీ పేపర్‌ను అడిగేది. జనవరిలో ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్ అని జరుగుతుంది, మన ఉపఖండంలో 1987లో మొదలైంది, వాలంటీర్లు చెరువు చెరువుకూ పోయి ఒక్కో రకం పక్షిని విడివిడిగా లెక్కపెడతారు. ఆ రోజు మీ రిపోర్టర్ ఫొటోతో సరిపెట్టకుండా ఆ లెక్కలు అడిగి తీసుకోండి. గూడబాతులు, కొంగలు ఒక వరసలో, వచ్చిపోయే బాతులు ఇంకో వరసలో, పక్కన పోయినేడు ఎన్ని, అంతకుముందు ఎన్ని. మార్కెట్ యార్డు రేట్లు, డ్యాముల నీటిమట్టం రోజూ వేస్తున్నారు కదా, ఏడాదికి ఒక్కసారి జిల్లా పేజీలో ఒక చిన్న పట్టిక వేయడానికి చోటు దొరకదా? మా మండలంలో చెరువుల పేర్లతో బాతుల లెక్క ఏడాదివారీగా పేపర్లో నేనెప్పుడూ చూడలేదు. అందుకే మా దగ్గర ఒక పెద్దాయన ఇప్పుడేం బాతులు, మా కాలంలో ఆకాశం నల్లగా కమ్మేసేవి అంటాడు, ఒక కుర్రాడు పోయినేడే ఎక్కువున్నాయి అంటాడు, ఎవరిది నిజమో తేల్చే కాగితం లేదు. ఇద్దరూ నిజమే చెప్తుండొచ్చు కూడా, ఇద్దరూ చూసింది వేర్వేరు బాతుల్ని అయ్యుండొచ్చు.

ఆ లెక్క పేపర్లో పడితే ఇంకో లాభం ఉంది. ఫలానా చెరువుకు నిరుడు మూడు వందల పెద్ద బాతులు వచ్చాయని అచ్చులో ఉంటే, రేపు ఆ చెరువు చుట్టూ రాళ్లు పేర్చడానికి టెండర్ వేసినప్పుడు గ్రామసభలో ఎవరో ఒకరు ఆ కటింగ్ పట్టుకుని లేచి అడగొచ్చు, కనీసం పడమర ఒడ్డు వదిలేయండి అని. ఇప్పుడు అడగాలంటే చేతిలో ఏమీ లేదు. మన దేశం 2020 ఫిబ్రవరిలో గాంధీనగర్‌లో వలస జీవుల మీద ప్రపంచ సదస్సు పెట్టింది, మధ్య ఆసియా నుంచి వచ్చే పక్షుల దారిని కాపాడటంలో ముందుంటామని చెప్పింది. ఆ దారిలో 30 దేశాలున్నాయి. ఆ సదస్సులో చెప్పిన మాట మా మండలం ఇరిగేషన్ ఏఈ గారి దాకా రావాలంటే మధ్యలో తెలుగు పేపర్ ఉండాల్సిందే, ఇంగ్లీషు రిపోర్టులు మా పంచాయతీలో ఎవరూ చదవరు.

మీ రిపోర్టర్లు పోచారం వస్తే చిన్న సలహా. పొద్దున్నే వస్తే బాతులు పొలాల నుంచి తిరిగొచ్చే హడావుడిలో ఉంటాయి, లెక్క కుదరదు. పది దాటాక రండి, అప్పటికి నీళ్ల అంచున కుదురుగా కూర్చుంటాయి. ఎండ మన వీపు మీద ఉండేట్టు నిలబడితే తల పట్టీలు స్పష్టంగా కనపడతాయి. డ్రోన్ మాత్రం ఎగరేయొద్దు, దానికి అవి బాగా బెదురుతాయి, ఒకసారి లేచాయంటే లెక్క కుదరదు. ట్రైపాడ్ మీద పెట్టే స్పాటింగ్ స్కోప్ ఉన్న పక్షిప్రేమికులు హైదరాబాద్‌లో చాలామంది ఉన్నారు, ముందుగా చెప్తే ఒకరైనా తోడు వస్తారు. మెడకు రంగు పట్టీ ఉన్న బాతు కనపడితే దాని మీద అక్షరం, నంబర్, పట్టీ రంగు మూడూ రాసుకోండి, ఫొటోలో మసకగా పడినా పర్లేదు.

ఇట్లు,
పోచారం దగ్గరి ఒక పాఠకుడు, మెదక్ జిల్లా